వాడని భూమి ఎవరిది?

తెలుగు రాష్ట్రాల్లో దళితులు, ఇతర భూమిలేని పేదలు పొందిన డి-ఫారం పట్టాకు ఒక షరతు ఉంది: మూడేళ్లలో భూమిని సాగులోకి తేవాలి. లేకుంటే ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. నీరు, పెట్టుబడి ఎక్కడివన్నది షరతులో ఉండదు.

మరి సేకరించిన భూమి బీడుపడితే? 2013 భూసేకరణ చట్టం 101వ సెక్షన్ ప్రకారం, స్వాధీనం చేసుకున్నాక ఐదేళ్లు వాడకపోతే దాన్ని అసలు యజమానికి ‘లేదా’ ప్రభుత్వ ల్యాండ్ బ్యాంకుకు చేర్చాలి. ఆ ‘లేదా’ వల్లే భూమి కోల్పోయిన రైతు గడప దాకా రాదు.

సెజ్‌ల కోసం దేశంలో నోటిఫై చేసిన 45,635 హెక్టార్లలో 28,488 హెక్టార్లలోనే కార్యకలాపాలు మొదలయ్యాయని 2014లో కాగ్ తేల్చింది.

పేదల బీడు షరతు ఉల్లంఘన, ప్రభుత్వ బీడు ల్యాండ్ బ్యాంకు! 101వ సెక్షన్‌లో మొదటి హక్కు భూమి కోల్పోయినవారికే ఉండాలి.