టక్కుమనేదాకా

మా బావగారింట 1950 నాటి డిసోటో కారు ఒకటి ఉన్నది. తిరుత్తణి ఇంటి షెడ్డులో ఉంటూనే అది రాష్ట్రం మారింది సుమండీ! 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి పోయినది కదా. ఆ నవంబరులోనే అమెరికాలో క్రైస్లరు వారు డిసోటో కార్లు చేయడం మానుకున్నారు. తరువాత చాలా ఏళ్లు ఆ బండి షెడ్డులోనే మూలపడింది.

బావగారి తండ్రిగారికి ఎనభై ఎనిమిదేళ్లు. “ఒక్కసారి అందులో కొండకు తీసుకుపోరా” అని కొడుకును అడుగుతూ వచ్చారు. ఇంజను బాగుపడింది, బ్రేకులు కుదిరాయి. గేరు దగ్గరే వచ్చింది చిక్కు.

ఈ కారు గేరు తీరు వేరు. క్లచ్చి ఉన్నది గాని, అస్తమానం తొక్కనక్కరలేదు. ఇంజనుకూ క్లచ్చికీ నడుమ నూనె నిండిన డిప్ప ఒకటి ఉంటుంది. ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు పెట్టి ఒకటి తిప్పితే ఆ గాలికి రెండోదీ తిరుగుతుంది చూడండి, అదే సంగతి. గాలికి బదులు నూనె. మీటను పై వరుసలో పెట్టి ఆక్సిలరేటరు తొక్కితే బండి మూడో గేరులో సాగుతుంది. గంటకు 14 మైళ్లో ఏమో దాటాక కాలు తీసి ఒక్క క్షణం ఆగాలి. లోపల టక్కుమంటుంది. అంతే, నాలుగో గేరు! వేగం తగ్గితే తానే మూడుకు దిగుతుంది.

మా బండి టక్కుమనలేదు. మొదట చూపించిన షెడ్డువారు, “ఇది ఎత్తి పారేసి వేరే బండి గేరుపెట్టె బిగిస్తాం” అన్నారు. బావగారు దాదాపు ఒప్పుకున్నారు. మామయ్యగారు మాత్రం రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

అప్పుడు తిరువళ్ళూరులో ఒక పెద్దాయన దొరికాడు. అక్కడ హిందూస్థాన్ మోటార్సు వారికి మట్టి తవ్వే యంత్రాల ఫ్యాక్టరీ ఉండేది. తరువాత అది కాటర్‌పిల్లర్ వారి చేతికి పోయింది. అందులో పనిచేసి రిటైరైన మనిషి. నూనెతో నడిచే గేర్లు ఆయనకు కొత్త కాదు. పెట్టెకింద బిరడా విప్పి, కారిన నూనె వేళ్ల మధ్య రుద్ది చూసి నవ్వాడు. ఎవరో 90 నంబరు గేరాయిలు పోశారు! ఈ పెట్టెకు 10 నంబరు పలుచని ఇంజనాయిలు కావాలి. గేరును మార్చేది నూనె ఒత్తిడే కనుక, చిక్కని నూనె సన్నని దారుల్లో కదలదు. డిప్పలోని నూనె వేరు. దాని బిరడా వేరు. అదీ పూర్తిగా నింపకూడదు, వేడికి ఉబ్బేందుకు చోటు వదలాలి.

నూనె మార్చినా టక్కుమనలేదు. ఇక్కడే నాకు ఆయన మీద గౌరవం కలిగింది. పెట్టె విప్పలేదు, తీగలు పట్టుకున్నాడు. బండి మెల్లగా పోతున్నంతసేపు గవర్నరు అనే చిన్న భాగం కరెంటు కలుపుతుంది. దానితో వాల్వు తెరుచుకుని నూనె ఒత్తిడి జారిపోతుంది, గేరు పైకి పోదు. వేగం పెరిగితే కరెంటు తెగుతుంది. ఆయన గవర్నరు దగ్గర తీగ విప్పి నడిపించాడు, లాభం లేదు. ఆ తీగనే పై కొస దగ్గర విప్పి నడిపించాడు. టక్! అయితే తప్పు గవర్నరుది కాదు, తీగది. పాత గుడ్డ తొడుగు చిరిగి తీగ చట్రానికి తగులుతున్నది. ఎంత వేగంగా పోయినా, మెల్లగానే పోతున్నానని బండి అనుకుంటున్నదన్నమాట! మూరెడు కొత్త తీగతో పని తీరింది.

పోయేముందు ఆయన ఒక హెచ్చరిక చేశాడు. మొదటి, మూడో గేర్లలో కాలు తీస్తే చక్రాలను ఇంజను పట్టి ఉంచదు. కొండ దిగేటప్పుడు కింది వరుసలో రెండో గేరు పడిందని తెలుసుకునే దిగాలి. గేరులో పెట్టి ఆపినా, నూనె డిప్ప బండిని నిలపదు. హ్యాండుబ్రేకు లాగి, చక్రాలకు రాళ్లు పెట్టవలసిందే.

ఆడికృత్తిక రద్దీకి ముందే ఒక మంగళవారం తిరువళ్ళూరు నుంచి బయలుదేరాం. కనకమ్మసత్రం దాటాక బావగారు తొందరపడి మళ్లీ తొక్కబోయారు. ముందు సీటులోంచి మామయ్యగారు, “ఆగరా, టక్కుమననీ!” అని కసిరారు. అన్నది. కొండమీద ఆయనే కర్ర ఊతంగా నిలబడి రెండు రాళ్లూ చక్రాల కింద సరిగా పెట్టించారు. ఆ రాళ్లు ఇంకా డిక్కీలోనే ఉన్నాయి.