జేజికి కనపడని సినిమా

ఈ వారం నా బల్ల మీద పడ్డ ఉత్తరాల్లో ఒక్కదాన్ని మాత్రం పక్కన పెట్టలేకపోయాను. మామూలుగా మీరు అడిగేవి నాకు తెలియనివా! ఫలానా హీరోకి నిజంగా పెళ్ళి కుదిరిందా, ఫలానా హీరోయిన్ ఎత్తెంత, ఫలానా సినిమా వంద రోజులాడిందంటున్నారు ఎక్కడాడింది... అవన్నీ వచ్చే వారం చూద్దాం. ఈ వారం పేజీ మొత్తం ఒక్క కుర్రాడిది.

నంద్యాల జిల్లా గోస్పాడు నుంచి రాశాడు. డిగ్రీ రెండో సంవత్సరం. పేరు వేయొద్దన్నాడు కనుక వేయడం లేదు. ఉత్తరం మాత్రం అతని మాటల్లోనే కాస్త వినండి:

"అన్నా, నాకు డైరెక్టర్ కావల్లని శానా ఆశ. మొన్న సంక్రాంతికి మేం నలుగురం కల్సి ఫోన్‌తో పద్నాలుగు నిమిషాల సినిమా తీసినాం. ఎద్దులమ్ముకున్న రైతు కత. మూడు పేజీల డైలాగు నేనే రాసినా. ఒక పోటీకి పంపిస్తే తీసుకోల్యా. ఇంట్లో మా జేజికి చూపించినా. ఆమెకు చెవులు సరిగ్గా ఇనపడవు. అంతా చూసి, 'ఏందో నాయనా, మీరేందో మాట్లాడుకుంటాండారు, నాకేం కనపడల్యా' అనింది. మా నాయనేమో, హైదరాబాదులో సినిమా కాలేజీలో చేరుదువులే, కె.సి. కెనాలు కింద కయ్య అమ్ముదాం అంటాండాడు. అమ్మమందునా, వద్దందునా? నువ్వే చెప్పల్ల."

తమ్ముడూ, కయ్య సంగతి చివర్లో మాట్లాడుకుందాం. ముందు మీ జేజి సంగతి. ఆవిడ అన్నదాన్ని నువ్వు నవ్వుతూ రాశావో, బాధపడుతూ రాశావో తెలీదు గాని, సినిమా నేర్చుకునేవాడికి అంతకంటే పెద్ద మాట ఇంకొకటి లేదు. నువ్వు తీసింది వినపడే కథ. ఆవిడ అడిగింది కనపడే కథ. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరం దాటడానికే దేశదేశాల్లో సినిమా బళ్ళు పెట్టుకున్నారు!

పరీక్ష చెప్తాను, ఇప్పుడే చేసుకో. నీ సినిమా పెట్టి, శబ్దం పూర్తిగా తీసెయ్యి. కథ తెలియని స్నేహితుణ్ణి కూర్చోబెట్టి చూపించు. ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరికి ఏం కావాలి, చివరికి దక్కిందా లేదా, ఈ మూడూ చెప్పగలిగితే నువ్వు పాసు. లేకపోతే మీ జేజి చెప్పిందే తీర్పు.

"మాటల్లేకుండా సినిమా ఏంటన్నా?" అంటావేమో. 1987లో వచ్చిన 'పుష్పక విమానం' చూడు. సింగీతం శ్రీనివాసరావు దర్శకుడు, కమల్ హాసన్ హీరో. ఒక్క డైలాగు లేదు. సినిమా హాలు పక్కన ఇరుకు గదిలో బతికే నిరుద్యోగి పెద్ద హోటలు గదిలోకి చేరతాడు. మెత్తని పరుపు, చల్లని గది. నిద్ర మాత్రం రాదు! ఎందుకు? అలవాటైన హాలు గోల లేదు కాబట్టి. ఏం చేస్తాడు? ఆ గోలంతా టేపులో పట్టుకొచ్చి, పక్కన మోగించుకుని హాయిగా పడుకుంటాడు. మనిషి డబ్బున్న చోటికి చేరినా వాడి ప్రాణం పాత గదిలోనే ఉందని దర్శకుడు ఎంత తేలిగ్గా చెప్పాడో చూశావా? మాట లేదు గాని చప్పుడు ఉంది. ఈ తేడా గుర్తు పెట్టుకో.

ఇంతకీ ఈ సింగీతం ఏ బడిలో చదువుకున్నాడు? కె.వి. రెడ్డి అనే బడిలో! 'మాయాబజార్'కి ఆయన దగ్గర అసిస్టెంటుగా పనిచేశాడు. కె.వి. రెడ్డి మీ సీమ మనిషే, తాడిపత్రిలో పుట్టినవాడు. వాహినీ వారి దగ్గర ప్రొడక్షన్ పనులు చూస్తూ చూస్తూ, 'భక్త పోతన'తో దర్శకుడయ్యాడు. ఆయన చేతిలో ఎప్పుడూ స్టాప్‌వాచ్ ఉండేదని చెప్పుకుంటారు. రిహార్సల్స్‌లోనే ఏ సీను ఎన్ని నిమిషాలో, ఎన్ని అడుగులో లెక్క కట్టేసేవాడు. పిసినారితనం కాదు నాయనా! 35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు పరిగెడుతుంది. వెయ్యి అడుగుల చుట్ట 11 నిమిషాల్లో ఖాళీ. అందుకని కెమెరా తిరగకముందే సినిమా అంతా తలలో తిరిగి ఉండాలి. నీ ఫోన్‌లో ఎంత తీసినా అడుగు ఖర్చు లేదు. అదే నీ అదృష్టం, అదే నీ గండం కూడా.

1957లో వచ్చిన ఆ 'మాయాబజార్'లోనే ప్రియదర్శిని పెట్టె ఉంది చూడు. మూత తీసినవాళ్ళకి వాళ్ళ మనసులో ఉన్నది కనిపిస్తుంది. శశిరేఖకి అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు, కృష్ణుడికేమో శకుని! హాలంతా గొల్లున నవ్వింది గాని, అందులో పెద్ద పాఠముంది. మనసులో ఉన్నది నోటితో చెప్పించకుండా కంటికి చూపించే పెట్టె... సినిమా అంటే అదే కదూ? అలాగని మాటల్ని చిన్నచూపు చూడకు. అదే సినిమాకి పింగళి నాగేంద్రరావుగారు రాసిన మాటలు ఈనాటికీ జనం నోళ్ళలో నానుతున్నాయి. దృశ్యం తన పని తాను చేశాక వచ్చే మాట వజ్రం. దృశ్యం చేయాల్సిన పని మాట చేస్తే, అది ఉత్త ఉపన్యాసం.

ఇప్పుడు నీ ఎద్దుల కథకే వద్దాం. మూడు పేజీల్లో నీ రైతు ఏం చెప్పుంటాడో ఊహించగలను. "అవి ఎద్దులు కావురా, నా బిడ్డలురా" అనే ఉంటాడు, అవునా? ఆ మూడు పేజీలూ చించెయ్యి. సాయంత్రం. రైతు నెత్తిన చొప్ప మోపుతో చేలోనుంచి ఇంటికొస్తున్నాడు. కొట్టం దగ్గరికొచ్చాడు. గూటానికి పలుపు ఉంది, ఎద్దు లేదు. అలవాటు కొద్దీ మోపు తెచ్చాడన్నమాట! కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత మోపు దించి, చొప్ప తీసి, ఖాళీ గాడిలో వేశాడు. అయిపోయింది. ఇదిప్పుడు మీ జేజికి చూపించు. ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకోకపోతే నన్నడుగు.

దీన్ని తీయడం ఎలా? మొదట దూరంగా ఒక షాటు, ఊరూ పొద్దూ మోపూ కనపడేట్టు. అది 'ఎక్కడ' అన్నదానికి జవాబు. తర్వాత నడుము దాకా ఒకటి, 'ఎవరు' అన్నదానికి. గూటం మీద క్లోజప్, 'ఏం జరిగింది' అన్నదానికి. ముఖం మీద క్లోజప్, 'ఏమనిపించింది' అన్నదానికి. క్లోజప్పును కారంలా వాడు. ప్రతి ముద్దకీ కారమైతే నాలుకకు రుచి తెలీదు. ఇంకో సంగతి: రైతు తెరమీద ఎడమనుంచి కుడికి నడిచొస్తుంటే, తర్వాతి షాటులోనూ అటే నడవాలి. కెమెరా అవతలి పక్కకి దూకిందో, మనిషి ఇంటికొస్తున్నాడో తిరిగి చేలోకి పోతున్నాడో చూసేవాడికి తికమక. దీన్నే గీత దాటొద్దనడం అంటారు.

వెలుతురు సంగతి చెప్పనక్కర్లేదు, మీ ఎండ మీకు తెలుసు. మిట్ట మధ్యాహ్నం తీస్తే కళ్ళ కింద నల్లటి గుంటలు పడతాయి. నల్లమల వైపునుంచి పొద్దు పొడిచే వేళ, మళ్ళీ కుందేరు మీద ఎండ వాలే వేళ, ఆ రెండూ నీకు దేవుడిచ్చిన లైట్లు. వెనక ఆకాశం మెరుస్తుంటే ఫోను మనిషి ముఖాన్ని నల్లగా చేసేస్తుంది. తెరమీద ముఖం ఉన్నచోట వేలితో నొక్కితే సర్దుకుంటుంది. ప్రతి షాటునీ పది సెకన్లు కదలకుండా పట్టు. చేయి వణికితే సంచిలో ఇసుక పోసి దానిమీద పెట్టు. ఊరికే జూమ్ చేయకు, నువ్వే నాలుగడుగులు ముందుకెయ్యి.

బొమ్మలు గీయడం వస్తే మరీ మంచిది. బాపుగారు 1967లో మొదటి సినిమా 'సాక్షి'కి గోదావరి జిల్లా పులిదిండి వెళ్ళేనాటికే పేరున్న చిత్రకారుడు. షాటు షాటుకీ ముందే బొమ్మ వేసుకునే అలవాటు ఆయనది. నీకు బాపు గీత రాదనుకో, నాకూ రాదు! పుల్లల్లాంటి మనుషుల్ని గీసినా చాలు. కాగితం మీద కుదరని షాటు కెమెరాలో కుదరదు.

ఇక ఎడిటింగు. రష్యాలో విప్లవం తర్వాత మాస్కోలో కులెషోవ్ అనే ఆయన కుర్రాళ్ళకి సినిమా నేర్పేవాడు. ముడి ఫిల్ముకి కటకట. ఏం చేస్తారు? పాత సినిమాల ముక్కల్నే అటూ ఇటూ మార్చి అతికించి చూసేవారు. అక్కడ బయటపడిందో వింత! ఏ భావమూ లేని ఒక నటుడి ముఖం. దాని పక్కన సూపు గిన్నె అతికిస్తే జనానికి వాడి ముఖంలో ఆకలి కనపడిందట. శవపేటిక అతికిస్తే దుఃఖం కనపడిందట. ముఖం మాత్రం అదే! అంటే కథ ఒక్కో షాటులో ఉండదు తమ్ముడూ, రెండు షాట్ల నడుమ ఉంటుంది. చేతిలో ఫిల్మే లేని పిల్లలు కనిపెట్టిన సత్యమిది.

నువ్వూ చేసి చూడు. బస్సెక్కి ఆళ్ళగడ్డ పో. రాయిని దేవుణ్ణి చేసే శిల్పులు అక్కడుండగా నీకు వేరే స్టూడియో ఎందుకు? ముందు పెద్దాయన్ని అడిగి ఒప్పించుకో, పనికి అడ్డం పడకు. ఏడంటే ఏడే షాట్లు తియ్యి. పని జరిగే పాక. ఉలి మీద పడే సుత్తి. ఎగిరే రాతి ముక్క. శిల్పి కళ్ళు. ఇంకా కళ్ళు తెరవని విగ్రహం ముఖం. శిల్పి చేతివేళ్ళ మీది పాత గాయాలు. పక్కన కూర్చుని చూస్తున్న, పని నేర్చుకునే కుర్రాడు. ఆ కుర్రాడి చూపు తర్వాత ఉలి పెట్టి చూడు, 'నా చేతికెప్పుడిస్తారు' అన్నట్టుంటుంది. ఉలి తీసి గాయాల వేళ్ళు పెట్టు, 'నావల్ల అవుతుందా' అన్నట్టుంటుంది. కుర్రాడు మారలేదు, నువ్వు మార్చావు. ఆ క్షణాన నీ ఒళ్ళు జలదరించిందా, నువ్వు సినిమావాడివే!

మరి బడి అవసరం లేదా అంటే, ఉంది. ఒంటరిగా నేర్చుకోలేనివి కొన్నున్నాయి. శబ్దం అందులో మొదటిది. కె. విశ్వనాథ్‌గారు వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణ విభాగం నుంచి వచ్చినవాడే. 'శంకరాభరణం'లో నిశ్శబ్దానికీ విలువుండటం ఊరికే రాలేదు. ఆ సినిమాకి కెమెరా పట్టిన బాలు మహేంద్ర పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువుకున్నవాడు. 1960లో పాత ప్రభాత్ స్టూడియో స్థలంలో పెట్టిన ప్రభుత్వ సంస్థ అది. ప్రవేశ పరీక్ష రాసి చేరాలి. చెన్నై తరమణిలోనూ ప్రభుత్వ సంస్థ ఉంది. హైదరాబాదులో 2011 నుంచి అన్నపూర్ణ వారి కాలేజీ నడుస్తోంది. బడిలో దొరికే పెద్ద సొత్తు కెమెరా కాదు. 'ఇది బాగాలేదు, ఎందుకంటే...' అని ముఖం మీద చెప్పే మాస్టరూ, రాత్రంతా నీతో వాదించే తోటివాళ్ళూ.

నాకు తెలిసిన ఒకాయన కొడుకు కోసం పొలం అమ్మాడు. చేరిన చోటు పేరెందుకు గాని, గోడల నిండా హీరోల ఫోటోలు, తరగతి మొత్తానికీ ఒకటే కెమెరా. ఏడాది తర్వాత చేతికొచ్చింది పూల అంచున్న సర్టిఫికెట్టు. కుర్రాడు ఒక్క షాటైనా సొంతంగా తీయలేదు. అందుకని ఏ బడికి పోయినా ముందు అడుగు: ఏడాదికి ఒక్కో విద్యార్థి ఎన్ని చిత్రాలు తీస్తాడు? వాటిని ఎవరు చూసి తప్పులు చెప్తారు? పాత విద్యార్థుల పని చూపిస్తారా? జవాబు నసిగితే దణ్ణం పెట్టి వచ్చెయ్యి.

ఇప్పుడు కయ్య మాట. అమ్మొద్దు తమ్ముడూ, ఇప్పుడే అమ్మొద్దు. మీ నాయన మంచి మనసుతోనే అన్నాడు, కాదనను. కొడుకు ఆశకి కయ్య ఇస్తానన్న తండ్రి ఎంతమందికి దొరుకుతాడు! కానీ ఎద్దులమ్ముకున్న రైతు కథ రాసినవాడివి నువ్వు. రేపు ఆ కథ మీ ఇంట్లో జరగనివ్వకు. ఒక్క ఏడాది గడువడుగు. నెలకొకటి, మూడు నిమిషాలు మించకుండా, మాటల్లేని చిత్రం. పన్నెండు నెలలకి పన్నెండు. అందులో రెండు బాగా కుదిరితే, అవే ప్రవేశాల దగ్గర నీ తరఫున మాట్లాడతాయి. అప్పుడు ఫీజు సంగతి స్కాలర్‌షిప్పో, బ్యాంకు అప్పో, ఏదో ఒకటి నాయనతో కూర్చుని ఆలోచించవచ్చు. ఏడాదికే విసుగొచ్చిందనుకో, కయ్య కాలువ కింద పచ్చగానే ఉంటుంది. ఎవరికీ నష్టం లేదు.

మిగతా మిత్రులకీ ఇదే చెప్తున్నాను. 2021లో 'సినిమా బండి' అని ఒక సినిమా వచ్చింది, ప్రవీణ్ కండ్రేగుల దర్శకుడు. ఆటోలో ఎవరో మర్చిపోయిన కెమెరా దొరికితే, ఒక డ్రైవరు ఊరందరినీ పోగేసి సినిమా తీయబోతాడు. చూసి నవ్వుకోండి, నవ్వాక ఆలోచించండి. అతనికి కెమెరా దొరికాక కథ మొదలైంది. మీ అందరి జేబుల్లోనూ కెమెరా ఉంది. మరి మీ కథ ఎప్పుడు మొదలు?

గోస్పాడు తమ్ముడూ, చొప్ప మోపు సీను తీసి మీ జేజికి చూపించాక, ఆవిడ ఏమందో నాకు రాయి. పోటీవాళ్ళు ఏమన్నారో అక్కర్లేదు.