అర్థమయిందా అని అడిగితే చాలదు... వినాలి కూడా!

మా అత్తమ్మా, మా వదినా ఇద్దరూ ప్రాథమిక పాఠశాల టీచర్లే. అత్తమ్మ ముప్పయ్యేడేళ్ళు పాలమూరు జిల్లా పల్లెల్లో పాఠాలు చెప్పి 2011లో రిటైరయ్యారు. వదిన దేవరకొండ దగ్గర ఓ తండా బడిలో ఇరవయ్యేళ్ళుగా చెబుతోంది. మధ్యలో నేను... డిగ్రీ చదివి, ఇల్లు చూసుకుంటూ, పని తెమిలాక వీలు చిక్కితే ఓ కథ రాసుకునే మనిషిని. వాళ్ళిద్దరూ బడి కబుర్లలో పడితే నేను పప్పు బాగుచేసుకుంటూ వింటూ కూచుంటాను. నా కథలు సగం అక్కణ్ణుంచి వచ్చినవే.

ఆ మధ్య ఓ ఆదివారం వదిన వచ్చింది. వాళ్ళ బడికి గోడకు బిగించే పెద్ద తెర వస్తోందట. "సంతోషమే గదా!" అన్నాను. "సంతోషమే... కాని పిల్లలు తెర చూస్తుండగా ఫొటో తీసి పంపాలంట. పాఠం అర్థమయిందా లేదా అని మాత్రం ఎవరూ అడగట్లేదు" అంది. అత్తమ్మ నవ్వి, "మాకు డెబ్బయ్యయిదులనే ఆకాశం నుంచి పాఠాలు దిగినయి బిడ్డా!" అన్నారు.

హాస్యానికి అంటున్నారేమో అనుకున్నాను. కాదు. అక్షరాలా నిజం.

అమెరికా వాళ్ళ నాసా సంస్థకు ఏటీఎస్-6 అనే ఉపగ్రహం ఉండేది. దాన్ని మన దేశం ఒక్క ఏడాదికి వాడుకుంది. 'సైట్' అని పేరు పెట్టిన ఆ ప్రయోగం 1975 ఆగస్టు 1న మొదలై 1976 జులై 31న ముగిసింది. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2400 పల్లెలకు టీవీ పెట్టెలు వెళ్ళాయి. అందులో మన మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలూ ఉన్నాయి. హైదరాబాద్ ఈసీఐఎల్‌లో తయారైన టీవీలు, బడి కప్పు మీదనో పంచాయతీ ఆఫీసు పక్కనో కోళ్ళగూటి జాలీలాంటి ఇనుప వలతో చేసిన పదడుగుల యాంటెన్నా గొడుగు. హైదరాబాద్ నగరంలో దూరదర్శన్ మొదలయింది 1977లో. అంటే పట్నం వాళ్ళకంటే ముందే పాలమూరు పిల్లలు టీవీలో పాఠం విన్నారన్నమాట!

పొద్దున గంటన్నర బడిపిల్లల కార్యక్రమాలు. అది నాలుగు భాషలకూ పంచితే ఒక్కో భాషకు వచ్చేది ఇరవై రెండున్నర నిమిషాలు. సాయంత్రం వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ... పెద్దవాళ్ళ కోసం.

"పిల్లగాండ్లే కాదు, గొడ్లను తోలుకపోయేటోళ్ళు గూడ కిటికీల నుంచి తొంగి చూసెటోళ్ళు. నేను నల్లబల్ల మీద సముద్రం గీస్తె మా పిల్లలు చెరువు అనుకునేది. టీవీల అలలు చూసినంక గప్పుడు తెలిసింది వాళ్ళకు సముద్రమంటె ఏందో" అన్నారు అత్తమ్మ.

"మరింకేం! బాగానే ఉంది కదా?" అన్నాను.

"బాగనే ఉండె. ఒక్కటే చిక్కు. పెట్టె ఆగది. 'గదేంది టీచర్' అని పోరి లేచి అడిగే లోపల అది ఇంకో ముచ్చటలకు వోయేది. అందుకే పెట్టె ఇరవై నిమిషాలు చెప్తె నేను గంట చెప్పేదాన్ని" అన్నారు.

ఆ ఏడాదే ప్రాథమిక బడుల టీచర్లకు సైన్స్ ఎలా చెప్పాలో టీవీ, రేడియో ద్వారా శిక్షణ కూడా ఇచ్చారు. అన్ని రాష్ట్రాల్లో కలిపి దాదాపు యాభై వేలమంది టీచర్లు. గ్లాసు అడుగున కాయితం కుక్కి, గ్లాసు బోర్లించి నీళ్ళ బకెట్‌లో ముంచితే కాయితం తడవదు. గాలికీ చోటు కావాలి అన్న సంగతి పిల్లకు జన్మలో మరుపు రాదు. ఇలాంటివన్నీ అప్పుడే పట్టుబడ్డాయి అత్తమ్మకు. మరుసటి ఏడు ఉపగ్రహం వెళ్ళిపోయింది. వాళ్ళ ఊళ్ళో టీవీ పెట్టె మీద గుడ్డ కప్పారు. ఆ గ్లాసూ కాయితం పాఠం మాత్రం ఆవిడ రిటైరయ్యే దాకా చెబుతూనే ఉన్నారు.

నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో గుర్తుంచుకోవలసింది ఇదే. యంత్రం ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. చెడిపోతుంది, పాతబడుతుంది, పథకం పేరు మారుతుంది. టీచర్ చేతిలోకి వచ్చిన విద్య మాత్రం బడిలో మిగులుతుంది. అలాంటప్పుడు మనం దేనిమీద ఎక్కువ ఖర్చు పెట్టాలి?

* * *

ఇక నేను కళ్ళారా చూసిన సంగతి చెబుతాను.

2020లో కరోనాతో బడులు మూతపడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలోనూ, టీ-శాట్‌లోనూ మూడో తరగతి నుంచి పాఠాలు మొదలుపెట్టారు. మా ఇంటి వెనక గల్లీలో కొందరికి టీవీ లేదు, కొందరికి ఉన్నా డిష్షు డబ్బు కట్టలేదు. మా వరండాలోకి టీవీ జరిపి పెడితే ఆరుగురు పిల్లలు వచ్చి కూచునేవాళ్ళు. నేనేదో గొప్ప పని చేస్తున్నానని లోలోపల కొంచెం పొంగిపోయిన మాట కూడా నిజమే!

నాలుగో రోజో అయిదో రోజో, లెక్కల పాఠం చెప్పే సారు "అర్థమయిందా పిల్లలూ?" అన్నారు తెరమీద. అయిదో తరగతి పిల్ల ఒకతి, "కాలే సార్" అంది గట్టిగా. సారు "వెరీగుడ్" అని తర్వాతి లెక్కకు వెళ్ళిపోయారు. మిగతా పిల్లలు ఒకటే నవ్వు. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. నావైపు తిరిగి, "సారు అడుగుతడు గని ఇనడాంటీ" అంది.

ఆ సారును తప్పు పట్టడం లేదు నేను. ఆయన ఎక్కడో స్టూడియోలో కెమెరా ముందు నిలబడి తన పని చక్కగానే చేశారు. కాని 1975లో అత్తమ్మ చెప్పిన చిక్కే ఇదీ. నలభై అయిదేళ్ళలో నలుపు తెలుపు బొమ్మ రంగుల్లోకి వచ్చింది, జాలీ గొడుగు పోయి జేబులో ఫోన్ వచ్చింది. పిల్ల "కాలేదు" అంటే వినే చెవి మాత్రం యంత్రానికి రాలేదు. అప్పుడు పక్కన అత్తమ్మ ఉన్నారు. 2020లో మా వరండాలో పిల్లల పక్కన ఏ టీచరూ లేదు. నేనే ఆ లెక్క చెప్పబోయి, భిన్నాల దగ్గర నాకే తిరకాసు పడి, వదినకు ఫోన్ చేశాను.

అసలు చెప్పాలనుకున్నది ఇంకొకటుంది. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

ఆ పిల్ల మా ఇంట్లో పనిచేసే ఆమె కూతురు. ఇద్దరు పిల్లలు ఆమెకు. కొడుకు ఏడో తరగతి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను కొడుకు దగ్గరే ఉండేది. "మొగపిల్లగాడు గదమ్మా, చదువు పోతె ఎట్ల" అనేదామె. కూతురు తల్లి వెంట మా ఇంటికి వచ్చి వరండాలో కాసేపు పాఠం చూసేది. అంట్లు ఎక్కువగా ఉన్న రోజున తల్లి పిలిచేది. పిల్ల పాఠం మధ్యలో లేచి వెళ్ళి గిన్నెలు కడిగేది. అవి ఎవరి గిన్నెలు? మావే! నేను చూస్తూనే ఉన్నాను. ఆడపిల్లల చదువు మీద కథలు రాసే నేను, పది పన్నెండు రోజుల దాకా నోరు తెరిచి "పాఠం అయిందాకా పిలవకు" అనలేదు. పని త్వరగా తెమిలిపోతోంది గదా అని ఊరుకున్నానేమో. ఎవరో కాదు, నేనే.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో దేశమంతా తిరిగి అడిగితే, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న మగవాళ్ళు వందకు 57 మంది, ఆడవాళ్ళు 33 మంది. ఆ లెక్క ఎక్కడో ఢిల్లీలో కాగితం మీద పుట్టింది కాదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను ముందు ఎవరి చేతికి వెళ్తుందన్న దగ్గర పుట్టింది. మా వరండాలో పుట్టింది.

* * *

మా వదిన తండాలో పరిస్థితి ఇంకో తీరు. మగవాళ్ళు హైదరాబాదుకో పుణేకో బొంబాయికో పనికి పోతే ఫోను వాళ్ళతోనే పోతుంది. పిల్లలు ముసలి అవ్వల దగ్గర ఉంటారు. పైగా ఇంట్లో మాట్లాడేది లంబాడీ. అమ్మను 'యాడి' అని పిలిచే పిల్లకు టీవీలో పుస్తకాల తెలుగు గడగడా చెప్పుకుపోతే ఎంత ఎక్కుతుంది? అందుకే కరోనా రోజుల్లో వదిన కాయితాల మీద లెక్కలు రాసుకుని మూతికి మాస్కు కట్టుకుని గడపగడపకూ తిరిగింది.

అలాగని ఆమె యంత్రాలంటే గిట్టని మనిషి అనుకునేరు. నిజానికి మా ఇంట్లో ఫోను అందరికంటే బాగా వాడేది ఆమే. ఎలాగంటే వినండి.

వాళ్ళ బడిలో రెండో తరగతి పిల్ల ఒకతి అసలు నోరు విప్పేది కాదట. ఓ రోజు వదిన ఫోనులో ఆ పిల్ల గొంతు రికార్డు చేసి వినిపించింది. తన గొంతు తాను వినేసరికి పిల్ల మొహం విచ్చుకుంది. మర్నాడు తనే వచ్చి "మల్ల పట్టు టీచర్" అందట. అప్పట్నుంచి వారానికోసారి ప్రతి పిల్ల చేతా ఒక పేజీ చదివించి రికార్డు చేస్తుంది. తప్పు చదివితే పిల్లే విని, పిల్లే దిద్దుకుంటుంది. కొందరు అవ్వలు చెప్పిన కథ ముందు లంబాడీలో చెప్పి, తర్వాత తెలుగులో చెబుతారు.

ఇంకో పని కూడా చేస్తుంది. ఆ రికార్డులను తల్లులకు పంపుతుంది. హైదరాబాదులో బిల్డింగు పనికి పోయిన తల్లికి ప్రోగ్రెస్ రిపోర్టు పంపితే ఏం చదువుకుంటుంది? కాని బిడ్డ గొంతు వింటుంది గదా! ఓ తల్లి అది విని, "ఇది నా బిడ్డేనా, ఇంత సాపుగ చదువుతదా" అని ఏడ్చిందట. పండక్కి వచ్చినప్పుడు, పిల్లను తమతో పనికి తీసుకుపోదామన్న మొగుడితో పోట్లాడి బడిలోనే ఉంచింది.

చూశారా! ఆ ఫోను పిల్లకు పాఠం చెప్పలేదు. పిల్ల చెప్పింది విన్నది. విన్నది తల్లికి చేరవేసింది. ఈ ఉపాయం ఏ ఆఫీసు నుంచీ రాలేదు. ముప్పై మంది పిల్లల మధ్య రోజంతా గడిపే మనిషికి తట్టింది.

మరి ఆ మనిషికి మనం ఇస్తున్న సమయమెంత? పొద్దున బడికి వెళ్ళగానే ముఖం చూపించి హాజరు వేసే యాప్. సిగ్నల్ కోసం బడి వెనక గుట్ట ఎక్కాలి. తర్వాత పిల్లల హాజరు, మధ్యాహ్న భోజనం లెక్క, ఇంకేదో ఫొటో, మరేదో ఫారం. ఫోను ఆమెదే, నెట్ డబ్బులూ ఆమెవే. తను కాస్త ఆ పనిలో పడితే అయిదు తరగతులూ గోల గోల. ఒక్కో రోజు నల్లబల్ల ముట్టుకునేసరికి పదకొండవుతుందట. "పాఠం చెప్పినట్టు చూపెట్టుడే సరిపోతుంది, చెప్పుడు ఎప్పుడు?" అంటుంది.

1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అని పథకం వచ్చింది. ప్రతి ప్రాథమిక బడికీ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, వీలైనంత వరకు అందులో ఒక స్త్రీ, బోధన సామగ్రి ఉండాలన్నారు. అప్పుడొచ్చిన సైన్స్ సామాను అత్తమ్మ పనిచేసిన ఓ బడిలో బీరువాలో పెట్టి తాళం వేశారట, పగిలితే ఎవరు జవాబు చెప్పాలి అని! రేపు ఈ పెద్ద తెరల గతి కూడా అదే కాకూడదు. ఇచ్చేవాళ్ళు బాగుచేసే మనిషినీ చూపాలి. కరెంటూ నెట్టూ ఖర్చు బడి ఖాతాలో రాయాలి. ఏ బడికి ఏది కావాలో ముందు టీచర్‌ని అడగాలి. అయిదు తరగతులకు ఒక్క టీచర్ ఉన్న చోటికి తెర కంటే ముందు రెండో టీచర్‌ని పంపాలి. ఇందులో గొంతెమ్మ కోరికలేం లేవు.

ప్రభుత్వం చేసే దాకా మనం చేతులు ముడుచుకుని కూచోవాలా? అక్కర్లేదు. మన ఇంట్లో ఉన్న ఫోను ఆడపిల్ల చేతికి కూడా, అన్న వాడుకున్న తర్వాత కాదు, అన్నతో సమానంగా అందుతోందా అని ఒక్కసారి చూసుకుందాం. పాఠం చూసి లేచిన పిల్లను "ఏం విన్నావే, నాకూ చెప్పు" అని అడుగుదాం. మనకు రాకపోయినా ఫరవాలేదు, ఆ పిల్ల చెబుతుంటే విందాం. ఇంట్లో పనిచేసే మనిషి కూతురు పాఠంలో ఉంటే గిన్నెలు ఓ గంట ఆగుతాయి. నేను ఆలస్యంగా నేర్చుకున్నాను, మీరు త్వరగా నేర్చుకోండి.

ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్ చదువుతోంది, లెక్కల గ్రూపే తీసుకుంది. మొన్న కనబడితే "భిన్నాలు వచ్చినయా?" అని అడిగాను. "గప్పుడే వచ్చినయాంటీ, బడి తెరిచినంక మా టీచర్ మల్ల చెప్పింది" అంది.

మల్ల చెప్పింది! తెర ఎంత పెద్దదైనా, ఆ 'మల్ల చెప్పే' మనిషి బడిలో ఉండాలి. అంతే నేననేది. మీరేమంటారు?