ఇల్లు ఒక్క ఆమెదేనా?

‘కుటుంబంతో గడపడానికి పదవి వదులుకుంటున్నాను’ అని ఓ పెద్ద అధికారి అంటే వాషింగ్టన్‌లో తొందరగా ఎవరూ నమ్మరట. ‘పొమ్మన్నారు కాబోలు’ అనుకుంటారట. అదే మాట మిషెల్ ఫ్లోర్నాయ్ అంటే మాత్రం ఇట్టే నమ్మేశారు. ఎందుకంటారు?

ఆమెదేం చిన్న ఉద్యోగం కాదు. 2009లో, ఒబామా హయాంలో, అమెరికా రక్షణశాఖ విధానాల విభాగానికి అండర్ సెక్రటరీ అయ్యారు. మన సచివాలయాల్లో అండర్ సెక్రటరీ అంటే కింది మెట్టే గానీ, అక్కడ రక్షణమంత్రి, డిప్యూటీల తర్వాతి స్థానం. సైన్యాన్ని ఎక్కడికి పంపాలి, ఏ దేశంతో ఎలా మెలగాలి అని మంత్రికి సలహా చెప్పే కుర్చీ. పెంటగాన్‌లో అంతకుముందు అంత ఎత్తుకెళ్లిన మహిళ లేరు. హార్వర్డ్, ఆక్స్‌ఫర్డ్ చదువులు, క్లింటన్ కాలంలోనే రక్షణశాఖలో అనుభవం ఆమెకున్నాయి.

2012 ఫిబ్రవరిలో ఆమె దిగిపోయారు. ఇంట్లో ముగ్గురు పిల్లలు. భర్త స్కాట్ గౌల్డ్ అప్పటికి మాజీ సైనికుల వ్యవహారాల శాఖలో డిప్యూటీ సెక్రటరీ. ఆయన 2013 దాకా పదవిలోనే ఉన్నారు. వాళ్లిద్దరూ ఏమనుకున్నారో మనకి అనవసరం, అది వాళ్లిష్టం. కానీ ‘మీరెందుకు మానలేదు?’ అని ఆయన్ని అడగాలని లోకానికి తోచదు చూశారా, నా బాధల్లా అదే. ప్రమోషన్ వస్తే బదిలీ అవుతుందని వద్దని రాసిచ్చే ఆడవాళ్లు మనకి మాత్రం తెలియదా?

2014లో రక్షణమంత్రి పదవికి పేరు వినబడితే, కుటుంబం కోసమే వద్దన్నారు. 2020లో మళ్లీ వినబడింది గానీ, బైడెన్ లాయిడ్ ఆస్టిన్‌ని ఎంచుకున్నారు. అఫ్గానిస్థాన్‌లో సైన్యాన్ని పెంచడాన్ని సమర్థించారనీ, పదవి వదిలాక రక్షణ కంపెనీలతో సంబంధాలున్నాయనీ అప్పుడామెని విమర్శించారు. అడగాల్సిన ప్రశ్నలే అవి. యుద్ధానికి సలహా చెప్పినవాళ్లు ఆడైనా, మగైనా జవాబు చెప్పాల్సిందే. 1947లో ఏర్పడిన ఆ మంత్రి పదవిలో 2025 దాకా ఒక్క మహిళా కూర్చోలేదన్నదీ నిజమే.

పిల్లలకి తల్లి కావాలి, సరే. తండ్రి అక్కర్లేదా? ‘ఇంటికోసం నేనాగుతాను’ అని ఓ మగ అధికారి అన్నా జనం ఇట్టే నమ్మాలి. ఆనాడు సమానత్వం గురించి మనం ఇంత చెప్పుకోనక్కర్లేదు.