కళ – చెరువు – యువత

ప్రకృతి ప్రసాదించిన వనరులను ఆధారం చేసుకొని మానవుడు నాగరికతను నిర్మించుకొన్నాడు. ఆ నాగరికతే నేడు ప్రకృతి సమతౌల్యాన్ని దెబ్బతీసే స్థితికి చేరింది. బొగ్గు, చమురు వంటి ఇంధనాలను మండించడం వలన, అడవులను నరికివేయడం వలన గాలిలో కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువులు పెరిగి భూమి వేడెక్కుతున్నది. 1850–1900 నాటి సగటుతో పోలిస్తే 2011–2020 దశాబ్దంలో భూతాపం సుమారు 1.1 డిగ్రీల సెల్సియస్ పెరిగిందని ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలోని శాస్త్రజ్ఞుల సంఘం తెలిపింది. 2024వ సంవత్సరం ఒక్కదానిలో ఆ పెరుగుదల సుమారు 1.55 డిగ్రీలని ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కగట్టింది. ఈ అంకెలు ఆందోళన కలిగించేవే. కాని అంకె పరీక్షలో రాయడానికి గుర్తుంటుందే తప్ప, వృథాగా పోతున్న నల్లాను కట్టివేయడానికి చేతిని కదిలించదు. బుద్ధికి తెలిసినది హృదయానికి చేరాలంటే కళ కావాలి. హృదయానికి చేరినది నిత్యాచరణగా మారాలంటే ఆ కళ ఊరి నేల నుండి, ఊరి నీటి నుండి పుట్టాలి.

ఈ సత్యాన్ని గ్రహించడానికి రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నం తగిన చోటు. హైదరాబాదు నుండి నాగార్జునసాగర్ వెళ్లే దారిలో ఉన్న ఈ పట్టణమూ, దాని పెద్ద చెరువూ గోలకొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా పేరుతో ముడిపడి ఉన్నాయి. 1550 నుండి 1580 వరకు రాజ్యం చేసిన ఆ పాదుషాను తెలుగు కవులు ‘మల్కిభరాముడు’ అని ఆత్మీయంగా పిలుచుకొన్నారు. అద్దంకి గంగాధరకవి తన ‘తపతీ సంవరణోపాఖ్యానం’ కావ్యాన్ని ఆయనకు అంకితమిచ్చాడు. తొలి అచ్చతెలుగు కావ్యంగా పేరొందిన ‘యయాతి చరిత్ర’ కూడా ఆ కాలపు ఆదరణలో వెలువడినదే. హుస్సేన్ సాగర్ నిర్మాణమూ ఆ పాలనలోనే జరిగింది. నీటిని నిలిపిన కట్ట, మాటను నిలిపిన కావ్యం ఒకే సంస్కారానికి రెండు ముఖాలని ఆ యుగం చాటింది. చెరువును ఇంజనీర్లకు, కళను కళాకారులకు వదిలివేసి, రెండింటికీ సంబంధం లేదనుకోవడం తరువాతి కాలంలో వచ్చిన పొరపాటు.

వాతావరణ మార్పుకు, ఊరి చెరువుకు ఉన్న సంబంధాన్ని మొదట తెలుసుకోవాలి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. అందువలన వాన వచ్చినప్పుడు కుండపోతగా వస్తుంది. రానప్పుడు ఎండ నేలలోని తడిని మరింత వేగంగా పీల్చివేస్తుంది. అతివృష్టి, అనావృష్టి ఒకే కారణానికి పుట్టిన కవలపిల్లలు. ఈ రెండింటినీ తట్టుకొనే ఉపాయాన్ని తెలంగాణ పూర్వీకులు ఏనాడో కనుగొన్నారు. అదే గొలుసుకట్టు చెరువుల పద్ధతి. ఎగువ చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీరు దిగువ చెరువుకు చేరుతుంది. వరద వేగం తగ్గుతుంది, నీరు భూమిలోకి ఇంకుతుంది, ఎండాకాలంలో బావులు ఊరుతాయి. అయితే ఈ ఏర్పాటు పనిచేయాలంటే చెరువులోకి నీటిని తెచ్చే వాగులు, కాలువలు తెరిచి ఉండాలి. కాలువ పూడిపోయినా, శిఖం భూమి ఆక్రమణకు గురైనా ఎంత వాన పడినా ఫలితం ఉండదు. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు సైతం దశాబ్దాలపాటు పూర్తిగా నిండక బోసిపోయి, ఇటీవలి భారీ వర్షాలకు తిరిగి జలకళను సంతరించుకొన్నది. మహానగరం విస్తరిస్తున్న కొద్దీ ఈ ప్రాంతంలో కళాశాలలు, పరిశ్రమలు, ఇళ్ల స్థలాల వెంచర్లు పెరిగాయి. నిండిన చెరువును నిలుపుకోవడమే నేటి తరం ముందున్న పరీక్ష.

ఈ పరీక్షలో కళ ఏ పాత్ర వహించగలదు? పర్యావరణ దినోత్సవం నాడు విద్యాలయాలలో చిత్రలేఖన పోటీలు జరగడం పరిపాటి. కరుగుతున్న మంచుకొండ, దానిపై దిక్కుతోచక నిలిచిన ధ్రువపు ఎలుగుబంటి, కన్నీరు కారుస్తున్న భూగోళం ఆ చిత్రాలలో తరచుగా కనిపిస్తాయి. గీసిన చేతుల నేర్పును తక్కువ చేయనక్కరలేదు. కాని ఎలుగుబంటిని చూసి జాలిపడిన మనసు, ఇంటి పక్కనే పూడిపోతున్న కాలువను చూసి కదలకపోతే ఆ చిత్రం సగం పనే చేసినట్లు. అంతకన్న విచిత్రమేమంటే, పచ్చదనాన్ని కాపాడుమని కోరే నినాదాలే ప్లాస్టిక్ పూత గల ఫ్లెక్సీలపై అచ్చవుతాయి. సభ ముగిసిన మరునాడు ఆ ఫ్లెక్సీ చెత్తకుప్పలో చేరుతుంది. మాట ఒక దారి, చేత ఒక దారి అయినప్పుడు కళ తన విశ్వసనీయతను కోల్పోతుంది. చెప్పే సందేశమే కాక, వాడే వస్తువూ, చేసే విధానమూ ప్రకృతికి మేలు చేసినప్పుడే ఆ కళ ఆచరణ అవుతుంది.

ఇందుకు నిదర్శనాల కోసం దూరం పోనవసరం లేదు. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై తొమ్మిది దినాలు సాగి సద్దులతో ముగిసే బతుకమ్మ పండుగ అటువంటి మహత్తర కళ. తంగేడు, గునుగు, కట్ల, బంతి, గుమ్మడి పూలను వరుసలుగా పేర్చడంలో రంగుల పొందిక ఉంది, కొలత ఉంది, ఓర్పు ఉంది. వలయాకారంగా తిరుగుతూ చప్పట్లతో పాడడంలో సంగీత నృత్యాలు ఉన్నాయి. చివరకు ఆ పూలశిల్పం చెరువు నీటిలో కలిసిపోతుంది. చెత్తగా మిగిలేది ఏదీ లేదు. అంతేకాదు, తంగేడు, గునుగు ఎవరూ ప్రత్యేకంగా నాటి పెంచేవి కావు. బీళ్లలో, చేల గట్లలో, వానకు తడిసిన నేలలో తమంత తాముగా పూస్తాయి. బీడు భూములన్నీ ప్లాట్లుగా మారితే తంగేడుకు చోటుండదు. చేలలో కలుపుమందు చల్లితే గునుగు మిగలదు. చెరువు ఎండితే నిమజ్జనానికి తావుండదు. తంగేడు తెలంగాణకు రాష్ట్ర పుష్పం కావచ్చు, బతుకమ్మ 2014 నుండి రాష్ట్ర పండుగ కావచ్చు. పువ్వుకు నేల, పండుగకు నీరు మిగిల్చినప్పుడే ఆ గౌరవం సార్థకమవుతుంది. ఏటేటా పూలు ఎక్కడ దొరికాయో, ఎంత దూరం వెళ్లవలసి వచ్చిందో ఇంటి పెద్దలను అడిగి రాసిపెట్టుకొన్న విద్యార్థికి ఊరి నేల చరిత్ర తెలుస్తుంది.

మట్టి వినాయకుడు మరొక ఉదాహరణ. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నీటిలో సులభంగా కరగదు. దానిపై పూసే రసాయనిక రంగులు జలచరాలకు హాని చేస్తాయి. అందుచేతనే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకాలలో అటువంటి విగ్రహాలను నిషేధించి, సహజమైన మట్టిని వాడవలసిందిగా సూచించింది. చెరువు మట్టితో చేసిన ప్రతిమ తిరిగి చెరువులోనే కరుగుతుంది. తెచ్చినది తెచ్చిన చోటికే చేరుతుంది. కుమ్మరి వృత్తి కళాకారుని వద్ద కూర్చుండి ఆ పని నేర్చుకొన్న యువకుడు ఒక విగ్రహాన్ని మాత్రమే తయారు చేయడు. ఏ మట్టి జిగురుగా ఉంటుందో, ఏది పగులుతుందో తెలుసుకొని చెరువుతో పరిచయం పెంచుకొంటాడు. పూజకు కావలసిన ఇరవైయొక్క పత్రులను స్వయంగా సేకరించినవాడు అన్ని మొక్కలను పేరుతో గుర్తుపట్టగలడు. పేరు తెలిసిన మొక్కను నరకడానికి చేయి వెనుకాడుతుంది.

ఫ్లెక్సీకి ప్రత్యామ్నాయం కూడా తెలంగాణ నేలపైనే ఉంది. చేర్యాల నకాశీ చిత్రకారులు ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి పటాన్ని సిద్ధం చేస్తారు. దానిపై కథను ఘట్టాలుగా విభజించి చిత్రిస్తారు. పటాన్ని విప్పుతూ కథకులు కులపురాణాలను ఊరూరా వినిపిస్తారు. ఒక చెరువు పుట్టుక, దాని నిండుదనం, ఎండిన కాలం, తిరిగి నీరు చేరిన సంవత్సరం అదే తీరులో ఒక బట్టపై చిత్రితమైతే అది ఆ ఊరి జలపురాణం అవుతుంది. ఏటా ఒక ఘట్టం చేర్చుకొంటూ దానిని తరతరాలకు దాచుకోవచ్చు.

కళకు, ఆచరణకు ఎడం లేకుండా జీవించిన మహనీయుడు దరిపల్లి రామయ్య. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన ఆయన జీవితకాలమంతా విత్తనాలు చల్లుతూ, మొక్కలు నాటుతూ ‘వనజీవి’గా ప్రసిద్ధి పొందాడు. 2017లో పద్మశ్రీ పురస్కారం ఆయనను వరించింది. 2025లో ఆయన కన్నుమూశాడు. చెట్టును కాపాడుమని చెప్పే పలకను మెడలో ధరించి ఊరూరా తిరిగిన ఆయన రూపమే ఒక చిత్రం. ఆ పలకపై అక్షరాలు గొప్ప చిత్రకారుడు రాసినవి కావు. అయినా జనం వాటిని నమ్మారు. పలకను మోసిన మనిషి మొక్కలను కూడా మోసినవాడు కావడమే అందుకు కారణం.

ప్రపంచంలోనూ ఇటువంటి ప్రయత్నాలు సాగాయి. 2018 ఆగస్టులో పదిహేనేళ్ల గ్రేటా థున్‌బర్గ్ చేతితో రాసిన ఒక పలకను పట్టుకొని స్వీడన్ పార్లమెంటు ఎదుట కూర్చున్నది. అనేక దేశాల విద్యార్థులు ఆమె బాటలో నడిచారు. అదే సంవత్సరం ఇంగ్లండులోని రెడింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్ హాకిన్స్ అనే శాస్త్రవేత్త భూతాపాన్ని రంగుల పట్టీలుగా చూపాడు. ఒక్కొక్క పట్టీ ఒక్కొక్క సంవత్సరం. చల్లని ఏడాదికి నీలం, వేడి ఏడాదికి ఎరుపు. ఒక్క అక్షరం లేకపోయినా నీలం నుండి ఎరుపుకు సాగిన ఆ వరుస చూపరులను నిలదీస్తుంది. ఇబ్రహీంపట్నం విద్యార్థులు ఈ పద్ధతిని తమదిగా మలచుకోవచ్చు. ప్రభుత్వ గణాంకాలలో లభించే వర్షపాతం వివరాలను తీసుకొని కళాశాల గోడపై ఏడాదికొక పట్టీ వేయవచ్చు. సంక్రాంతి ముగ్గులో ఒక్కొక్క చుక్కను ఒక్కొక్క వాన దినానికి గుర్తుగా పెట్టవచ్చు. అప్పుడు గణితం, భూగోళం, చిత్రకళ ఒకే వాకిట కలుసుకొంటాయి.

అయితే ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పవలసి ఉన్నది. విద్యుత్కేంద్రాలు, కర్మాగారాలు, లక్షలాది వాహనాలు పొగలు కక్కుతుంటే, ఒక విద్యార్థి వేసిన ముగ్గు భూతాపాన్ని తగ్గిస్తుందా అని కొందరు ప్రశ్నిస్తారు. ఇది న్యాయమైన ప్రశ్న. ముగ్గు భూతాపాన్ని తగ్గించదు. గుడ్డసంచిపై వేసిన బొమ్మ కర్మాగారపు పొగను ఆపదు. పెద్ద నిర్ణయాలు ప్రభుత్వాలు, పరిశ్రమలు తీసుకోవలసినవే. ఆ బాధ్యతను యువకుల నెత్తిన రుద్ది పెద్దలు తప్పించుకోవడం ధర్మం కాదు. కాని పెద్ద నిర్ణయాలు వాటంతట అవి జరగవు. అడిగేవారు ఉండాలి. అడగడానికి ముందు చూడగలగాలి. చూడడం నేర్పేది కళ.

బుర్రకథ నిర్మాణమే ఇందుకు సాక్ష్యం. నడుమ కథకుడు కథ చెబుతుంటే, ఒక వంత రాజకీయం మాట్లాడతాడు, మరొక వంత హాస్యమాడతాడు. ఇద్దరూ ప్రశ్నలు వేసి కథను ముందుకు నడిపిస్తారు. 1940 దశకంలో ప్రజానాట్యమండలి ఈ కళను ప్రజాసమస్యలకు వాహికగా చేసింది. షేక్ నాజర్ వంటి మహాకళాకారుడు దానికి కొత్త ఊపిరి పోశాడు. అదే వేదికపై నేటి వంత “చెరువు ఎందుకు ఎండింది?” అని అడిగితే, కథకుడు “వాన పడలేదు” అనవచ్చు. “మరి వాన పడిన ఏడాది?” అని వంత మళ్లీ అడిగితే కాలువ సంగతి బయటపడుతుంది. “కాలువను మూసింది ఎవరు?” అన్న మూడవ ప్రశ్నకు సభలో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవలసి వస్తుంది. పత్రికా ప్రకటన చేయలేని పనిని ఆ మూడు ప్రశ్నలు చేస్తాయి. విన్నవారిలో పదిమంది గ్రామసభలోనో, మున్సిపల్ కార్యాలయంలోనో అదే ప్రశ్నను వేస్తే అది కళ సాధించిన విజయమే.

నిత్యాచరణ విలువ కూడా ఇక్కడే తెలుస్తుంది. తాను రంగులద్దిన గుడ్డసంచిని పట్టుకొని అంగడికి వెళ్లేవాడు ప్లాస్టిక్ సంచిని తీసుకోవడానికి సిగ్గుపడతాడు. విస్తరాకు కుట్టడం నేర్చిన చేయి విందులో ప్లాస్టిక్ పళ్లెం వద్దని చెప్పగలుగుతుంది. చెరువును చిత్రించడానికి వారం వారం కట్టమీదికి వెళ్లిన కన్ను, నీటిమట్టం తగ్గినా, ఎవరైనా చెత్త పోసినా వెంటనే పసిగడుతుంది. చిన్న పనులు లోకాన్ని ఒక్కనాటిలో మార్చకపోవచ్చు. కాని అవి చేసినవారిని మారుస్తాయి. మారినవారు ప్రశ్నిస్తారు.

చినుకు చినుకు కలిసి చెరువు నిండుతుంది. అయితే ఆ చినుకులు చెరువును చేరడానికి దారి ఉండాలి. నాలుగు వందల ఏళ్లకు పైబడిన ఇబ్రహీంపట్నం చెరువు ఎన్నో కరువులను, ఎన్నో వరదలను చూసింది. దానిని కాపాడే శక్తి చట్టానికి ఉంది, శాస్త్రానికి ఉంది. ఆ రెండింటినీ మేల్కొలిపే శక్తి కళకు ఉంది. కుంచె పట్టిన చేతులు పలుగు పట్టడానికి సంకోచించకుండా, పాట పాడిన గొంతులు ప్రశ్న అడగడానికి వెనుదీయకుండా ఉన్ననాడు, రాబోయే తరాల ఆడపడుచులు బతుకమ్మను తలకెత్తుకొని అదే కట్టమీదికి నడిచివస్తారు. వారికోసం తంగేడుకు కాస్త నేల, చెరువుకు కాస్త దారి మిగల్చడమే నేటి యువత చేయదగిన గొప్ప కళాసృష్టి.