మిద్దె చల్లబడితే... మీటరూ చల్లబడుతుంది!

ఏప్రిల్ నెల. తిరుపతిలో రాత్రి పది దాటింది. వీధిలో గాలి కాస్త చల్లబడింది. పై అంతస్తులో మాత్రం ఫ్యాను ఎంత తిరిగినా వేడిగాలే! ‘పగలంతా కాగిన మిద్దె నాయనా... నిద్రెట్లా పడుతుంది?’ అంటూ పెద్దామె విసనకర్ర అందుకుంటుంది. కొడుకేమో ఏసీ రిమోటు అందుకుంటాడు. నెల తిరిగాక బిల్లు చూస్తే ఇంటిల్లిపాదికీ చెమటలు! చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఎన్నో ఇళ్లలో వేసవి కథ ఇదే.

బిల్లు అంతలా పెరగడానికి కారణం శ్లాబులు. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో అమల్లోకి వచ్చిన ధరల్నే తీసుకుందాం. మొదటి 30 యూనిట్లకు ఒక్కోటి రూ.1.90. అక్కణ్నుంచి 75 వరకూ రూ.3, 125 వరకూ రూ.4.50, 225 వరకూ రూ.6. అది దాటితే ఏకంగా రూ.8.75! నెలకు 300 యూనిట్లు కాల్చే ఇంట్లో మొదటి 125 యూనిట్లకు అయ్యేది రూ.417. చివరి 75 యూనిట్లకు రూ.656! ఇతర చార్జీలు దీనికి అదనం. ఆ చివరి యూనిట్లను పెంచేది చాలా ఇళ్లలో ఏసీనే. దాన్ని అంతసేపు తిప్పించేది... నెత్తిమీది మిద్దె.

ప్రభుత్వ సాయం ఏమైనా ఉందా అంటే, ఉంది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ‘పీఎం సూర్యఘర్’ పథకాన్ని ప్రకటించింది. మిద్దె మీద సౌర పలకలు పెట్టించుకుంటే కిలోవాట్‌కు రూ.30 వేలు, రెండు కిలోవాట్లకు రూ.60 వేలు, మూడు అంతకన్నా ఎక్కువైతే రూ.78 వేల సబ్సిడీ. కిలోవాట్ పలకలు రోజుకు సుమారు నాలుగు యూనిట్ల కరెంటు ఇస్తాయి. అంటే నెలకు 120 దాకా. ఇక్కడి ఇళ్లకు కరెంటు ఇచ్చేది తిరుపతి కేంద్రంగా పనిచేసే ఎస్పీడీసీఎల్. దరఖాస్తు దాని ద్వారానే నడుస్తుంది.

పలకలు మిద్దెకు కాస్త నీడ కూడా ఇస్తాయి. కానీ రెండు కిలోవాట్ల పలకలు కప్పేది 200 చదరపు అడుగులే. రెండు సెంట్ల ఇంటిపైన మిగతా 670 అడుగులు ఎండలోనే! వాటి సంగతేంటి? సూర్యఘర్ సబ్సిడీ పలకలకే... మిద్దెను చల్లబరిచే పూతకు కాదు.

చలిదేశాల్లో ఈ ఆలోచన పాతదే. ఇంటి వెచ్చదనం బయటికి పోకుండా పైకప్పుకూ గోడలకూ పొరలు వేయించుకోవడానికి పేద కుటుంబాలకు అమెరికా ప్రభుత్వం 1976 నుంచీ సాయం చేస్తోంది. మనకు కావాల్సింది దానికి తిరగేసిన పని... బయటి వేడి లోపలికి రాకుండా చూడటం. పొరుగున తెలంగాణ 2023 ఏప్రిల్‌లో ‘కూల్ రూఫ్’ విధానం తెచ్చింది. 600 చదరపు గజాలు, అంతకు మించిన ఇళ్లకు చల్లని పైకప్పు తప్పనిసరి అంది. చిన్న ఇళ్లకు మాత్రం యజమానుల ఇష్టం.

నిజానికి రాయలసీమకు ఈ విద్య కొత్తేం కాదు. దూలాలూ దంతెలూ వేసి, పైన మందంగా చౌడుమట్టి పరిచిన పాత మిద్దెల కింద మధ్యాహ్నం పూట కునుకు తీసినవాళ్లకు తెలుసు ఆ చల్లదనం. కాంక్రీటు వచ్చాక మట్టి పోయింది... వేడి మిగిలింది.

అంత మట్టి ఇప్పుడు మోయక్కర్లేదు. మార్చిలోనే మిద్దెను శుభ్రంగా కడిగి, పగుళ్లు పూడ్చి, జిగురు కలిపిన సున్నం రెండు పూతలు వేయిస్తే చాలు. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది. గదిలో వేడి రెండు మూడు డిగ్రీలు తగ్గినా ఏసీకి ఆ మేర పని తగ్గినట్టే. అయితే సున్నం వానకు పోతుంది కాబట్టి ఏటా వేయాలి. కళ్లలో పడకుండా జాగ్రత్త!

సౌర పలకలు పెట్టించాలనుకునేవాళ్లూ ముందు ఈ పని చేసుకుంటే మేలు. వాడకం తగ్గాక చూసుకుంటే, మూడు కిలోవాట్లు అనుకున్నచోట రెండే సరిపోవచ్చు.

చిక్కల్లా అద్దెకుండేవాళ్లతోనే. మిద్దె యజమానిది, కాబట్టి సబ్సిడీ కూడా ఆయనకే. వేడీ బిల్లూ మాత్రం పై అంతస్తులో ఉన్నవాళ్లకి! ఏటా అద్దె పెంచే ముందు ఇంటి ఓనరు ఒక్కసారి మే నెల మధ్యాహ్నం ఆ గదిలో కూర్చుని చూస్తే బాగుణ్ను. సున్నం బస్తా తనే తెప్పిస్తాడేమో!