మన వంటల పుస్తకంలో అలిగేటర్ వేపుడు ఉండొచ్చా?

ఉండొచ్చనే నేనంటాను. మన ఇంటి వంటలన్నీ ఒక పుస్తకంగా కూర్చుదామని అనుకున్నాక, ఏ వంటకూ ఇంత గలాటా రాలేదు. అమెరికాలో లూసియానాలో ఉన్న మా చిన్నాయన కొడుకు తన వంతుగా అలిగేటర్ వేపుడు రాసి పంపినాడు. అంటే అక్కడి మొసలి. ఉడుమలపేటలో పెద్దవాళ్లకు చదివి వినిపిస్తే సగం మంది నవ్వినారు, సగం మంది మొగం తిప్పుకున్నారు. "మన వంశంలో ఎవరన్నా మొసలిని తిన్నారా?" అని మా పెద్దత్త అడిగింది. అడగాల్సిన మాటే. దానికి జవాబు చెప్పాల.

ముందు వాడేం రాసినాడో చూడండి. అక్కడ అంగళ్లలో తోకమాంసం ఐసులో పెట్టి అమ్ముతారు. తోక తెల్లగా, మెత్తగా ఉంటుంది, కాళ్ల మాంసం ముదురు. కొవ్వు, పైన తెల్లగా మెరిసే పొర పిసరు కూడా మిగలకుండా తీసెయ్యాల, నీచువాసనంతా ఆ కొవ్వులోనే. నారకు అడ్డంగా చిన్న ముక్కలు కోసి, చిక్కటి మజ్జిగలో కొన్ని గంటలు నానబెట్టాల. ఆ ఊరోళ్లు గోధుమపిండి, మొక్కజొన్న పిండి కలిపి పొర్లిస్తారు. మావాడు గోధుమపిండి సగం తగ్గించి బియ్యప్పిండి వేసినాడు. మిరప్పొడి, మిరియాలు, నూరిన తెల్లగడ్డ, ఉప్పు. నూనె 175 నుంచి 190 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉండాల, రెండు మూడు నిమిషాలు చాలు. ఎక్కువసేపు ఉంచితే రబ్బరే. పచ్చిమాంసం తగిలిన పలక, కత్తి వెంటనే సబ్బుతో కడగమని కూడా రాసినాడు, మంచి పని. ఆఖర్న దిగిన నూనెలో గుప్పెడు కరివేపాకు.

ఇది చదివితే మీకేం గుర్తొచ్చింది? నాకైతే అమరావతి డ్యాం జిలేబి చేప. (మన అమరావతి, ఆంధ్రాలోది కాదు.) అవ్వ చేసే వేపుడులో ఆ బియ్యప్పిండి, ఆ తెల్లగడ్డ, ఆ కరివేపాకు అట్లే ఉంటాయి. చెయ్యి మనది, జంతువు ఆ ఊరిది. మన పెద్దలు ఈ నేలకు వచ్చినప్పుడు కూడా ఇక్కడ దొరికిందే కదా చట్టిలో వేసినారు.

"పాపం కాదా, అంతరించిపోయే జంతువు కదా" అని చిన్నపిల్లలు అడిగినారు. పెద్దల మాటకన్నా ఈ మాటకే నేను ఎక్కువ విలువిస్తాను. మన డ్యాం దగ్గరుండే మొసళ్ల తావు అందరికీ తెలిసిందే. 1970ల నడుమ, మన దేశంలో మొసళ్లు తరిగిపోయినప్పుడు, గుడ్లు ఏరి పొదిగించి పిల్లల్ని పెంచడానికి పెట్టినది. 1972 చట్టం కింద మన మొసలిని చంపినా, తిన్నా జైలే. లూసియానాలో కూడా తోలుకోసం వేటాడి వేటాడి అలిగేటర్లను తరిగించేసినారు. 1962లో ఆ రాష్ట్రం వేట ఆపింది, 1967లో దేశమే కాపాడాల్సిన జాబితాలో చేర్చింది. 1972లో ఒక్క మూలలో లెక్కకట్టి మళ్లీ వదిలినారు. 1987కు జాతి కోలుకుందని ప్రకటించినారు. అక్కడి చిత్తడి నేలల్లో ఎక్కువ భాగం ప్రైవేటు భూములే. గుడ్లకు, వేటకు డబ్బు వస్తుంది గనక భూమి యజమానులు ఆ చిత్తడిని పూడ్చకుండా ఉంచుతున్నారు. గుడ్లు తీసుకున్న ఫారాలు, పెంచిన పిల్లల్లో కొంత వంతు తిరిగి నీళ్లలో వదలాల. ఇది మనకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. దొంగతనం మాత్రం కాదు.

ఇంక పెద్దత్త ప్రశ్న. మన వంశంలో మొసలిని తిన్నట్టు నేనూ వినలేదు. కానీ అవ్వ చెప్పి రాయించిన నోటుపుస్తకంలో చెవులపిల్లి వేపుడు ఉంది, కౌజుల కూర ఉంది, ఉడుము పులుసు ఉంది. మన ఊరి పేరులోనే ఉడుముందని పెద్దవాళ్లు మురిసిపోతారు. ఆ పులుసు పేజీ మన పుస్తకంలోకి వస్తుందంటే ఎవరూ నోరెత్తలేదు! నిజానికి ఈరోజు చేస్తే నేరమయ్యేది ఉడుము పులుసే, కనీసం మూడేళ్ల జైలు. లూసియానాలో వాడు అంగట్లో కొని వేపేది కాదు. ఉడుము పేజీని చించెయ్యమని నేననను, అది మన చరిత్ర. పైన చట్టం సంగతి పెద్ద అక్షరాల్లో రాయాల, కొలతలు తీసెయ్యాల. కొలతలుంటే ఎవడో ఒకడు చేసి చూస్తానంటాడు.

అలిగేటర్ పేజీకి మాత్రం కొలతలు ఉండాల. వాడు కప్పుల్లో రాసినాడు, సోలల్లోకి మార్చనక్కర్లేదు, అక్కడుండే పిల్లలకే కదా పనికొచ్చేది. ఇక్కడివాళ్లు అదే పిండిలో జిలేబి చేప వేపుకోండి. పేరు విషయంలో నేను పెద్దత్త పక్షమే: "మొసలి వేపుడు" అని రాయొద్దు, "అలిగేటర్ వేపుడు (లూసియానా)" అనే రాద్దాం. తెలుగులో రెంటికీ మొసలి అనే ఒక్క మాటే ఉంది, డ్యాం పక్కన పెరిగే పిల్లలు చదివే పుస్తకం ఇది. మీ అభిప్రాయాలు సంక్రాంతిలోపల రాయండి, తెలుగు చదవరాని పిలకాయలకు ఎవరన్నా ఇది చదివి వినిపించండి.